‘మనం’ అన్న మాట: మొలొకై ద్వీపంలో ఫాదర్ డామియన్

ఫాదర్ డామియన్ కథను మీలో చాలామంది ఏ పాఠ్యపుస్తకంలోనో, ఏ చర్చి ప్రసంగంలోనో విని ఉంటారు. ఆ కథ సాధారణంగా ఇలా సాగుతుంది. బెల్జియం నుండి వచ్చిన ఒక మతగురువు హవాయి దీవులలో కుష్ఠు రోగుల నడుమ ఏళ్ల తరబడి సేవ చేశాడు. ఒకనాడు కాగుతున్న నీళ్లలో పాదాలు పెట్టాడు. చర్మం బొబ్బలెక్కింది గాని నొప్పి తెలియలేదు. విషయం అర్థమయింది. మరుసటి ఆదివారం ప్రసంగానికి నిలబడి, ఎప్పుడూ ‘నా సోదరులారా’ అనేవాడు ఆనాడు మాత్రం ‘కుష్ఠు రోగులమైన మనం’ అని మొదలుపెట్టాడు.

కథ హృద్యంగానే ఉంది. నీళ్ల సంగతి నిజమే. అది 1884 డిసెంబరులో జరిగింది. ‘మనం’ సంగతి మాత్రం అలా జరగలేదు. డామియన్ మొలొకై ద్వీపంలోని రోగుల వాడకు చేరింది 1873 మే 10న. అదే ఏడాది నవంబరులో తన అన్నగారికి వ్రాసిన ఉత్తరంలో ఆయన, తాను ప్రసంగించేటప్పుడు రోగులను ‘సోదరులారా’ అని సంబోధించడం లేదనీ, ‘కుష్ఠు రోగులమైన మనం’ అనే అర్థం వచ్చేలా మాట్లాడుతున్నాననీ తెలియజేశారు. అప్పటికి ఆయన వచ్చి ఆరు నెలలే అయింది. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. వ్యాధి బయటపడటానికి ఇంకా పదకొండేళ్లు ఉంది.

ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చు. నా దృష్టిలో ఆయన జీవితమంతా ఈ తేడాలోనే ఉంది. ప్రచారంలో ఉన్న కథలో వ్యాధి ఆయనను రోగులతో సమానుణ్ణి చేసింది. చరిత్రలో ఆయన ముందుగా తనను వారిలో ఒకరిగా లెక్కించుకున్నారు. వ్యాధి తరువాత వచ్చింది, రాకపోయినా ఆ లెక్క మారేది కాదు. తెలుగువారికి ఈ సంగతి వివరించడం తేలిక. ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలలో ‘మేము’కూ ‘మనము’కూ ఒకటే మాట. మనకు రెండున్నాయి. ఎదుటివారిని వదిలి చెప్పుకునేది ‘మేము’, కలుపుకుని చెప్పుకునేది ‘మనము’. హవాయి భాషలో కూడా ఈ తేడాకు వేర్వేరు మాటలున్నాయి. రోగుల ఎదుట నిలబడి వారిని కలుపుకుని అన్నమాట కనుక తెలుగులో అది ‘మనము’ తప్ప మరొకటి కాజాలదు.

ఆ రోగులు ఎవరో, అక్కడికి ఎలా వచ్చారో ముందుగా తెలుసుకోవాలి. 18వ శతాబ్దం చివర నుండి ఐరోపా, అమెరికా ఓడలు హవాయికి రావడం మొదలయిన తరువాత మశూచి, తట్టు, సుఖవ్యాధుల వంటివి ఆ జాతిని తుడిచిపెట్టినంత పని చేశాయి. లక్షలలో ఉన్న జనం 1872 జనగణన నాటికి అరవై వేల లోపుకు పడిపోయారు. కుష్ఠు కూడా అలా బయటి నుండి వచ్చినదే. భయపడిన ప్రభుత్వం 1865లో ఒక చట్టం చేసి, వ్యాధి ఉన్నట్టు అనుమానం కలిగినవారిని పట్టి పరీక్షించే అధికారం, నిర్ధారణ అయితే జీవితాంతం వేరుచేసి ఉంచే అధికారం ఆరోగ్య మండలికి ఇచ్చింది. మొదటి జట్టు రోగులను 1866 జనవరిలో మొలొకై ఉత్తర తీరంలోని ఒక ద్వీపకల్పంలో దింపారు. మూడు వైపుల సముద్రం, నాలుగో వైపు నిట్టనిలువుగా రెండు వేల అడుగులకు మించిన కొండగోడ. జైలుకు గోడలు కట్టే ఖర్చు ప్రభుత్వానికి లేకపోయింది. రోగులు తమ పంట తాము పండించుకుంటారని అధికారుల అంచనా. వేళ్లు కొరుకుడుపడిన చేతులతో, చూపు మందగించిన కళ్లతో ఎవరు నాగలి పట్టగలరో వారు ఆలోచించినట్టు లేదు. హవాయి ప్రజలు ఈ వ్యాధికి పెట్టుకున్న పేర్లలో ఒకదాని అర్థం ‘వేరుచేసే జబ్బు’. ఏ వైద్య గ్రంథంలోనూ ఇంత సరైన నిర్వచనం నేను చూడలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు సాగడం అన్యాయం అవుతుంది. డామియన్ రాకముందే ఆ వాడలో రోగం లేనివారు కొందరు రోగులతో కలిసి బ్రతుకుతున్నారు. వారిని స్థానిక భాషలో ‘కోకువా’ అనేవారు. తోడు, సాయం అని అర్థం. భర్తను పట్టుకుపోతుంటే వెంట పడవెక్కిన భార్య, కొడుకుతో దిగిన తల్లి, భార్య కోసం పొలం వదిలి వచ్చిన భర్త. తిరిగి వెళ్లడం దుర్లభమని తెలిసే వచ్చారు. వారిలో కొందరికి తరువాత వ్యాధి సోకింది. వారి విగ్రహాలు ఎక్కడా లేవు. పరుల కష్టంలో పాలుపంచుకోవడం ఆ ద్వీపానికి క్రైస్తవ గురువులు ఓడలో తెచ్చిన సరుకని ఎవరైనా అంటే ఆ మాట సరికాదు. రక్తసంబంధం ఉన్నచోట అది అప్పటికే ఉంది. ఏ సంబంధమూ లేనివాడు వచ్చి అలా బ్రతకడమే డామియన్‌తో మొదలైన కొత్త సంగతి.

ఆయన అసలు పేరు జోసెఫ్ డి వూస్టర్. 1840 జనవరి 3న బెల్జియంలోని ట్రెమెలో గ్రామంలో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. నిజానికి హవాయికి వెళ్లవలసినది ఆయన అన్న. రోగులకు సేవ చేస్తూ అన్నకు టైఫస్ జ్వరం రావడంతో తమ్ముడు బ్రతిమాలి ఆ స్థానంలో ఓడ ఎక్కారు. 1864లో హోనొలూలులో గురుపట్టం పొంది, తొమ్మిదేళ్లు పెద్ద ద్వీపంలో పనిచేశారు. 1873లో బిషప్ మొలొకై వాడ గురించి ప్రస్తావించినప్పుడు నలుగురు యువ గురువులు ముందుకు వచ్చారు. వంతుల వారీగా వెళ్లి రావాలన్నది ఏర్పాటు. మొదటి వంతు డామియన్‌ది. రెండో వంతు ఎవరికీ రాలేదు. ఆయన తిరిగి రాలేదు. హవాయి వారు ఆయనను తమ నోటికి వీలైనట్టు ‘కమియానో’ అని పిలుచుకున్నారు.

వెళ్లిన కొత్తలో ఆయనకు ఇల్లు లేదు. మొగలి జాతికి చెందిన ఒక చెట్టు క్రింద పడుకునేవారు. మొదటి రోజుల గురించి ఆయన దాచకుండా వ్రాసుకున్నారు: పుండ్ల దుర్వాసనకు గుడిసెలలో నిలబడలేక బయటికి పరుగెత్తవలసి వచ్చేదట. ఆ వాసనను అణచుకోవడానికే పొగాకు పైపు అలవాటు చేసుకున్నారు. నాకు డామియన్ మీద నమ్మకం కలిగింది ఈ వివరం చదివిన తరువాతనే. వాసన తెలియని మహాత్ములతో నావంటి వైద్యునికి పని లేదు. వాసన తెలిసి, కడుపులో తిప్పి, బయటికి వచ్చి గాలి పీల్చుకుని మళ్లీ లోపలికి వెళ్లినవాడు మనకు అర్థమవుతాడు.

పుండ్లు కడిగి కట్లు కట్టారు. చేమదుంపతో చేసే ‘పోయ్’ అనే ముద్దను రోగులతో ఒకే గిన్నెలో చేయి పెట్టి తిన్నారు. ఇళ్లు కట్టారు, చర్చిని పెంచి కట్టారు, కొండ వాగు నుండి నీటి గొట్టం వేయించారు. శవపేటికలు స్వయంగా చేశారు, గోతులు త్రవ్వారు. అంతకుముందు చాలామందికి పేటిక కూడా లేకుండానే అంత్యక్రియలు జరిగేవి. ఈ పనుల చిట్టా ఎక్కడైనా దొరుకుతుంది. అంతగా చెప్పుకోనిది ఆయన పోరు. కలప కావాలని, దుప్పట్లు కావాలని, పాలు, మాంసం సక్రమంగా పంపాలని ఆరోగ్య మండలికి ఉత్తరం మీద ఉత్తరం వ్రాసేవారు. మండలి వారికి ఆయన మొండివాడు, పెద్దరికం చెలాయించేవాడు. సొంత మఠంలోని పైవారికి కూడా కొరుకుడుపడని మనిషే. ప్రభుత్వ ఉద్యోగంలో పనిచేసినవాడిగా చెబుతున్నాను, స్టోర్స్ నుండి రావలసిన సరుకు కోసం పదేపదే ఉత్తరాలు వ్రాసే క్రింది ఉద్యోగి ఎవరికీ ఇష్టుడు కాడు. రోగి పక్కన కూర్చుని కన్నీరు పెట్టడం కంటే రోగికి రావలసిన దుప్పటి కోసం పై అధికారి కోపాన్ని భరించడం చాలా సందర్భాలలో కష్టమైన పని.

ఒకప్పుడు ఆయన కూడా వాడ దాటి వెళ్లరాదని ఆంక్ష పెట్టారు. ఆయన మఠాధిపతి చూడటానికి ఓడలో వచ్చారు గాని ఓడ అధికారి తీరం మీద దిగనివ్వలేదు. డామియన్ చిన్న పడవ మీద ఓడ పక్కకు చేరుకున్నారు, పైకి ఎక్కనివ్వలేదు. క్యాథలిక్ ఆచారంలో పాపసంకీర్తనం అనేది గురువు చెవిలో రహస్యంగా చెప్పుకునేది. ఆయన పడవలో నిలబడి, పైన ఓడ అంచున వంగి వింటున్న గురువుకు తన పాపాలను ఫ్రెంచిలో బిగ్గరగా చెప్పుకున్నారు. అప్పటికి ఆయన ఆరోగ్యవంతుడే. అయినా వెలివేయబడటం అంటే ఏమిటో ఆ రోజున ఆయనకు రోగులతో సమానంగా తెలిసింది.

కాకతాళీయంగా, వైద్య చరిత్రలోనూ 1873 మరువరాని ఏడాది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే నార్వేలోని బెర్గెన్‌లో ఆర్మవర్ హాన్సెన్ కుష్ఠుకు కారణమైన సూక్ష్మజీవిని గుర్తించాడు. అది శాపం కాదు, వంశపారంపర్యం కాదు, ఒక క్రిమి వల్ల వచ్చే వ్యాధి అని తేల్చిన ఆ మహోపకారానికి మనమంతా ఋణపడి ఉన్నాము. అయితే ఆ హాన్సెనే 1879లో, తన సిద్ధాంతాన్ని రుజువు చేయాలన్న ఆత్రుతలో, ఒక రోగిష్టి స్త్రీ కంటిలో ఆమె అనుమతి లేకుండా వ్యాధి పదార్థాన్ని ఎక్కించాడు. కోర్టు విచారణ జరిగింది. 1880లో ఆసుపత్రి వైద్యుని పదవి పోయింది. హవాయిలోనూ ఇటువంటిదే జరిగింది. జర్మన్ వైద్యుడు ఎడ్వర్డ్ ఆర్నింగ్ 1884లో మరణశిక్ష పడిన కెయాను అనే ఖైదీకి, ఉరి తప్పించే షరతు మీద, కుష్ఠు పదార్థాన్ని చేతిలో నాటాడు. కొన్నేళ్లకు కెయానుకు కుష్ఠు వచ్చింది. అతణ్ణి మొలొకైకి పంపారు, 1892లో చనిపోయాడు. అతని బంధువులలో అప్పటికే ఈ వ్యాధి ఉన్నదని తరువాత తేలడంతో ఆ ప్రయోగం దేనినీ రుజువు చేయలేకపోయింది. అంటే ఒక మనిషి ఊరికే పోయాడు.

1885లో డామియన్‌ను పరీక్షించి వ్యాధిని నిర్ధారించినది ఈ ఆర్నింగే. ఒకే ద్వీపసమూహంలో, ఒకే కాలంలో, ఇద్దరు ఐరోపావారు ఒకే వ్యాధికి అంత దగ్గరగా వచ్చారు. ఒకరికి రోగి శరీరం ప్రశ్నకు సమాధానం దొరికే చోటు. మరొకరికి రోగి సహపంక్తిలో కూర్చునే మనిషి. ఆర్నింగ్‌ను దుర్మార్గుడని నేను అనను. ఆనాటి వైద్యశాస్త్రం అలాగే ఆలోచించేది, ఈనాటిది కూడా అప్పుడప్పుడు అలాగే ఆలోచిస్తుంది.

వ్యాధి నిర్ధారణ తరువాత డామియన్ మరో నాలుగేళ్లు బ్రతికారు. పని తగ్గించలేదు. 1889 ఏప్రిల్ 15న, 49వ ఏట కన్నుమూశారు. కొద్ది నెలలకే హోనొలూలులోని ఒక ప్రొటెస్టెంట్ బోధకుడు, చార్ల్స్ హైడ్, ఆయన మురికివాడనీ, మొండివాడనీ, స్త్రీలతో అపవిత్ర సంబంధాల వల్లనే వ్యాధి తెచ్చుకున్నాడనీ ఒక ఉత్తరంలో వ్రాశాడు, అది అచ్చయింది. కుష్ఠు అనేది సిఫిలిస్ ముదిరితే వచ్చే దశ అని అప్పట్లో కొందరు వైద్యులే వాదించేవారు కనుక ఆ నింద నమ్మశక్యంగా కనిపించింది. దానికి 1890లో రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ బహిరంగ లేఖలో ఘాటుగా జవాబిచ్చాడు. స్టీవెన్‌సన్ పుట్టుకతో ప్రొటెస్టెంటే. డామియన్ పోయిన కొన్ని వారాలకు స్వయంగా వాడకు వెళ్లి, ఆయనతో పొసగనివారిని సైతం విచారించి వచ్చాడు. ఆయన లోపాలను దాచకుండానే ఆయనను సమర్థించాడు. కరుణామయుని పేరిట ఉద్యోగం చేస్తూ సుఖంగా ఇంట్లో కూర్చున్నవాడు ఆ పని చేసి పోయినవాణ్ణి విమర్శించడం క్రైస్తవ చరిత్రలో అదే మొదటిసారి కాదు.

ఇప్పుడు వైద్యుడిగా నేను చెప్పవలసిన మాట ఒకటుంది. పరుల బాధను పంచుకోవడమంటే వారి వ్యాధిని కూడా తెచ్చుకోవాలని డామియన్ కథ నుండి ఎవరూ అర్థం చేసుకోకూడదు. జర్మనీలో పుట్టి అమెరికాలో పెరిగిన సిస్టర్ మేరియన్ కోప్, 1883లో ఆరుగురు సన్యాసినులతో హవాయికి వచ్చారు. అంతకుముందు ఆమె ఒక ఆసుపత్రిని సమర్థంగా నడిపిన అనుభవజ్ఞురాలు. తన సోదరీమణులలో ఎవరికీ ఈ వ్యాధి రాదని వారికి ధైర్యం చెప్పి, చేతులు కడుక్కోవడం వంటి శుభ్రతా నియమాలను కఠినంగా అమలు చేశారు. వ్యాధి సోకిన డామియన్‌ను 1886లో హోనొలూలులో నలుగురూ దూరం పెట్టినప్పుడు ఆదరించినది ఆమె. 1888లో తానే మొలొకై చేరి, 1918లో చనిపోయేవరకు ముప్పై ఏళ్లు అక్కడే ఉన్నారు. ఆమె బృందంలో ఎవరికీ కుష్ఠు సోకలేదు. 1886లో వచ్చి డామియన్‌కు తోడుగా నిలిచిన అమెరికన్ మాజీ సైనికుడు జోసెఫ్ డటన్ కూడా నలభై ఏళ్లకు పైగా అక్కడే గడిపి ఆరోగ్యంగా ఉన్నాడు. మనుషులలో నూటికి తొంభై మందికి పైగా ఈ క్రిమిని తట్టుకునే సహజ శక్తి ఉన్నదని నేడు మనకు తెలుసు. వారికి తెలియదు. తెలియకుండానే వెళ్లారు.

తెలుగునాట ఈ దారిలో నడిచినవారిలో డాక్టర్ ఇసబెల్ కెర్ ఒకరు. స్కాట్‌లండ్ నుండి మెథడిస్ట్ మిషన్ తరఫున నిజామాబాదు ప్రాంతానికి వచ్చిన ఆమె, భర్తతో కలిసి, రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళం తోడ్పాటుతో డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రిని నెలకొల్పారు. అది 1915 నాటి సంగతి. చాల్‌మూగ్రా జాతి నూనెను ఇంజెక్షన్లుగా ఇచ్చేవారు; అంతకుమించిన మందు అప్పట్లో లేదు. 1932లో ఆమె అక్కడే కన్నుమూశారు. మన చిత్తూరు సరిహద్దున ఉన్న వేలూరుకు 1946లో వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠులో వేళ్లు వ్యాధి వల్ల రాలిపోవని, స్పర్శ లేక తగిలిన దెబ్బల వల్లనే పాడవుతాయని తేల్చి, ముడుచుకున్న చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. ఆయన ఒకసారి ఇంగ్లండులో ప్రయాణ బడలికతో ఉండి, మడమలో స్పర్శ పోయినట్టు గమనించి, సూదితో గుచ్చి చూసినా నొప్పి తెలియక, ఆ రాత్రంతా తనకు కుష్ఠు వచ్చిందనే భయంతో గడిపారు. తెల్లవారి మళ్లీ గుచ్చితే నొప్పి కలిగింది. రైలులో కదలక కూర్చున్నందున నరం నొక్కుకుపోయి తిమ్మిరెక్కింది, అంతే. నొప్పి తెలిసినందుకు దేవునికి కృతజ్ఞత చెప్పుకున్న ఆ ఉదయాన్ని ఆయన జీవితాంతం మరువలేదు.

నా సంగతి వేరు. 1970లలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో క్రొత్తగా చేరినప్పుడు నాకు ఈ శాస్త్రమంతా తెలుసు. పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. అయినా కుష్ఠు రోగులకు డాప్సోన్ మాత్రలు చేతికి ఇచ్చేవాణ్ణి కాను. పొట్లం కట్టించి బల్ల అంచున పెట్టించేవాణ్ణి. వారు తీసుకుని వెళ్లేవారు. ఒక పెద్దాయన మాత్రం పొట్లం తీసుకోలేదు. వేళ్లు వంగిన చేయి చాచి అలాగే నిలబడ్డాడు. ఏమీ అనలేదు. క్యూలో వెనక ఇరవై మంది ఉన్నారు. చివరికి నేను లేచి పొట్లం ఆ చేతిలో పెట్టాను. అతను ‘సరే బాబూ’ అని వెళ్లిపోయాడు. ఆ రోజు చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నానో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

సువార్తలలో కుష్ఠు రోగి యేసును సమీపించే ఘట్టం క్రైస్తవ పాఠకులకు కంఠస్థమై ఉంటుంది. తెలుగు బైబిలులో అక్కడ వాడిన మాట ‘కనికరపడి’. వైద్యుని కంటితో చదివితే ఆ ఘట్టంలో క్రమం నన్ను ఆపివేస్తుంది. స్వస్థత కలిగిన తరువాత తాకలేదు. చేయి చాచి తాకాడు, ఆ తరువాత స్వస్థత. రోగిని ముట్టరాదన్న ధర్మశాస్త్రం అమలులో ఉన్న రోజులవి.

నేడు ఈ వ్యాధికి మందు ఉంది. 1980ల నుండి వచ్చిన బహుళౌషధ చికిత్స ఆరు నెలలు గాని, పన్నెండు నెలలు గాని వాడితే పూర్తిగా నయమవుతుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితం. మందు మొదలైన కొద్ది రోజులకే ఆ వ్యక్తి నుండి ఇతరులకు సోకే ప్రమాదం దాదాపు పోతుంది. చర్మం మీద పాలిపోయిన లేదా ఎర్రని మచ్చ ఉండి, అక్కడ స్పర్శ తెలియకపోతే ఆలస్యం చేయకండి. దురద, నొప్పి లేవు కదా అని ఊరుకునేవారే ఎక్కువ. ఈ వ్యాధిలో నొప్పి లేకపోవడమే లక్షణం. జాతీయ స్థాయిలో నిర్మూలన లక్ష్యాన్ని సాధించామని 2005లో ప్రకటించుకున్నా, ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసులలో సగానికి పైగా మన దేశంలోనివే. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలును మన చట్టాల నుండి తొలగించినది 2019లో. ‘వేరుచేసే జబ్బు’ అన్న పేరు మనకూ ఎంతకాలం వర్తించిందో చూడండి.

హవాయిలో నిర్బంధం 1969లో ముగిసింది. అప్పటికి ఆ ద్వీపకల్పానికి సుమారు ఎనిమిది వేల మందిని పంపారు. స్వేచ్ఛ వచ్చాక కూడా చాలామంది అక్కడే ఉండిపోయారు. బయట వారికి ఎవరూ లేరు. డామియన్ దేహాన్ని 1936లో బెల్జియం ప్రభుత్వం కోరిక మీద స్వదేశానికి తరలించారు. తమవాణ్ణి తీసుకుపోవద్దని మొలొకై రోగులు బాధపడ్డారు. 1995లో ఆయనను ధన్యుడిగా ప్రకటించిన సందర్భంలో ఆయన కుడిచేతిని మాత్రం హవాయికి తిరిగి ఇచ్చారు. అది ఇప్పుడు కలవావోలో, చర్చి పక్కన, మొదట ఆయనను పాతిపెట్టిన చోటనే ఉంది.